పాత బ్రిటిష్ నాణేలు: తూచి, కొలిచి, చూసి సేకరించడం ఎలా

తిరుపతి, చిత్తూరు వైపు పాత ఇళ్లలో పూజగది పళ్లెంలోనో, అవ్వ ట్రంకు పెట్టె అడుగునో రాణి బొమ్మ రూపాయి ఒకటో రెండో దొరకడం మామూలే. సేకరణ అక్కడి నుంచే మొదలుపెట్టండి. కొనడం తర్వాత చూసుకోవచ్చు. అసలు నాణెం బరువు, అంచు, అక్షరాల పదును ముందు చేతికీ కంటికీ అలవాటు కావాలి. ఆ అలవాటు లేకుండా బజారుకు వెళ్తే పోగయ్యేవి నకిలీలే.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా మన దేశంలో చలామణీ అయిన బ్రిటిష్ నాణేల గురించి. ఇంగ్లండులో వాడుకున్నవాటి సంగతి చివర్లో కొంత ఉంది.

ముందు సమకూర్చుకోవలసిన సామాను

0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ త్రాసు అన్నిటికన్నా ముఖ్యం. 200 గ్రాముల సామర్థ్యం చాలు. దాంతోపాటు 100 గ్రాముల సరిచూపు రాయి కూడా తీసుకోండి, నెలకోసారి దాంతో త్రాసును సరిచేసుకోవాలి. తూచేటప్పుడు ఫ్యాన్ ఆపండి, త్రాసును చదునైన బండ మీద పెట్టండి. ఫ్యాన్ గాలికే అంకె 0.02, 0.03 గ్రాములు అటూ ఇటూ ఊగుతుంది.

అడ్డుకొలతకు డిజిటల్ వెర్నియర్ కాలిపర్ కావాలి. ప్లాస్టిక్ దవడలున్నది మేలు. ఉక్కుదైతే నాణేన్ని బిగించకుండా తాకీ తాకనట్టు పట్టి చదవాలి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, అంటే కంసాలులు కంటికి పెట్టుకునేదే, సరిపోతుంది. అంతకన్నా ఎక్కువ పెంచేవి కొంటే నాణెంలో పిసరంతే కనబడి మొదట్లో తికమకపడతారు. ఒక నియోడిమియం అయస్కాంతం, మెడ వంచగలిగే టేబుల్ లైటు, బల్ల మీద పరచడానికి మెత్తటి తువ్వాలు ఉంటే చాలు. తువ్వాలు తప్పనిసరి. వెండి మెత్తని లోహం, మొజాయిక్ నేల మీద ఒక్కసారి జారిపడితే అంచు నొక్కుకుపోతుంది.

నాణేన్ని ఎప్పుడూ అంచులతోనే పట్టుకోవాలి. ముఖం మీద వేలు పెడితే చెమటలోని ఉప్పు నెలల తర్వాత వేలిముద్రగా నల్లబడి పైకి తేలుతుంది, అది మళ్లీ పోదు.

ఏ కాలం నాణెమో గుర్తుపట్టడం

లెక్క తెలియకపోతే నాణెం అర్థం కాదు. రూపాయికి 16 అణాలు, అణాకు 4 కాణీలు, కాణీకి 3 దమ్మిడీలు. మొత్తం రూపాయికి 192 దమ్మిడీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా.

దేశమంతటికీ ఒకే రూపాయిని ఈస్ట్ ఇండియా కంపెనీ తెచ్చింది 1835లో. అప్పటి నుంచి 1947 దాకా వచ్చినవాటిని తల ఏ వైపు తిరిగి ఉందో చూసి సగం పోల్చుకోవచ్చు. నాలుగో విలియం తల కుడివైపు చూస్తుంది. ఆయన పేరులో నాలుగు అంకెను నాలుగు నిలువు గీతలుగా వేశారు. 1840 నుంచి విక్టోరియా, ఎడమవైపు చూస్తూ ఉంటుంది. 1862కు ముందు వెనకవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ అని, ఆ తర్వాత ఇండియా అని ఉంటుంది. 1877 నుంచి ఆమె పేరు పక్కన ‘క్వీన్’ పోయి ‘ఎంప్రెస్’ వచ్చింది. 1903 నుంచి 1910 దాకా ఏడో ఎడ్వర్డ్. వెండి రూపాయి మీద కిరీటం లేని బట్టతల రాజు, కుడివైపు చూపు. తర్వాత అయిదో జార్జి, ఆ తర్వాత ఆరో జార్జి. ఇద్దరికీ కిరీటం ఉంటుంది, ఇద్దరూ ఎడమవైపే చూస్తారు. కాబట్టి ఆ ఇద్దరి దగ్గర పేరు చదవక తప్పదు.

1862 రూపాయి విషయంలో ఒక మెలిక ఉంది. 1874 దాకా ముద్రించినా సంవత్సరం మాత్రం 1862 అనే వేస్తూ వచ్చారు. తేదీ కింద, పూల చెక్కడంలో ఉండే చిన్న చుక్కల సంఖ్య మారుతుంది. ఆ చుక్కలను బట్టి రకాలు విడదీసి సేకరించేవాళ్లు ఉన్నారు. భూతద్దంతో పని నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి నాణెం లేదు, పైగా సులువుగా దొరుకుతుంది.

ఏ టంకశాలలో తయారైందో కూడా చూడండి. కలకత్తా నాణేలకు సాధారణంగా గుర్తు ఉండదు. బొంబాయివాటికి కాలాన్ని బట్టి చుక్క, వజ్రం ఆకారం లేదా ‘బి’ అక్షరం ఉంటాయి. 1943 నుంచి లాహోరువాటికి ‘ఎల్’ అక్షరం ఉంటుంది.

మన లిపి ఉన్నవాటితో మొదలుపెట్టండి

తెలుగువాళ్లు మొదట సేకరించవలసినది అణా బిళ్ల. 1907 నుంచి చలామణీలోకి వచ్చిన అణాకు అంచు చుట్టూ 12 వంకీలుంటాయి. వెనకవైపు విలువను ఇంగ్లిషుతోపాటు ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు లిపుల్లో రాశారు. బరువు 3.89 గ్రాములు. 1942 నుంచి 1945 వరకు వచ్చినవి నికెల్ కలిపిన ఇత్తడివి, పచ్చగా ఉంటాయి. మిగతావి రాగి, నికెల్ మిశ్రమం, తెల్లగా ఉంటాయి. 1918లో వచ్చిన గుండ్రటి మూలల చదరపు బేడ మీద, 1919లో వచ్చిన ఎనిమిది మూలల పావలా మీద కూడా తెలుగు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చి, అప్పటిదాకా వెండితో వేసిన చిల్లరను ఈ రాగి, నికెల్ మిశ్రమానికి మార్చారు. వీటి ధర తక్కువ, నకిలీ చేసేవాళ్లకు గిట్టుబాటు కాదు. అందుకే నేర్చుకునేవాళ్లకు ఇవి భద్రం.

ఇంకా వెనక్కు వెళ్తే మన ప్రాంతానికి సొంత చరిత్ర ఉంది. ఆర్కాటు నవాబు చేతి నుంచి 1801లో కంపెనీ పాలనలోకి వచ్చినప్పటి నుంచి ఇక్కడ తిరిగింది చెన్నపట్నం డబ్బే. గోపురం, చుట్టూ నక్షత్రాలు ఉన్న అర్ధ వరహా, పావు వరహా వెండి నాణేల మీద తెలుగు, తమిళం రెండూ కనిపిస్తాయి. అంతకుముందు కంపెనీ వేసిన చిన్న బంగారు వరహాల్లో ఇద్దరు దేవేరులతో వేంకటేశ్వరుడు నిలబడినట్టు గుర్తించేవి కూడా ఉన్నాయి. ఇవన్నీ ఎంత ఊరించినా మొదటి ఏడాది కొనకండి. ధర ఎక్కువ, నకిలీలూ ఎక్కువే. చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో పెద్ద నాణేల సేకరణ ఉంది. శుక్రవారం సెలవు, మరో రోజు వెళ్లి అసలువి ఎలా ఉంటాయో చూసి రండి.

ఆ కాలపు రాగి నాణెం కావాలనుకుంటే 1808 నాటి 10 కాసులు, 20 కాసుల నాణేలు ఉన్నాయి. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాలలో ఆవిరి యంత్రాలతో అచ్చు వేసి మద్రాసుకు పంపారు. వాటిని తెస్తున్న అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దగ్గరే మునిగిపోయింది. తర్వాత సముద్రం అడుగు నుంచి పైకి తీసిన నాణేలు ఇప్పుడు సేకరణదారుల మధ్య తిరుగుతున్నాయి. ఉప్పునీటిలో తినేసిన గుంటలు వాటికి సహజం.

తూకం

నకిలీల్లో ఎక్కువ భాగం ఇక్కడే పట్టుబడతాయి. వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అడ్డుకొలత 30.5 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అర్ధ రూపాయి 5.83, వెండి పావలా 2.92, వెండి బేడ 1.46 గ్రాములు. 1835 నుంచి వచ్చిన రాగి కాణీ దాదాపు 6.47 గ్రాములు తూగుతుంది. 1906లో రాగి బదులు కంచు మొదలయ్యాక కాణీ 4.86 గ్రాములకు తగ్గింది. అందువల్ల ఒకే ఎడ్వర్డ్ కాణీ రెండు బరువుల్లో దొరుకుతుంది, తేలికగా ఉన్నదాన్ని నకిలీ అనుకోకండి.

అరుగుదలను తూకంతో కలిపి చదవాలి. విక్టోరియా జుట్టు పాయలు నున్నగా అరిగిపోయిన రూపాయి 11.4 గ్రాములు తూగితే అది న్యాయమైన అరుగుదలే. జుట్టు ప్రతి పాయా కొత్తగా మెరుస్తూ 11.4 మాత్రమే తూగితే ఆ నాణెం కొనకండి. బాగా అరిగి కూడా 11.75 తూగినా అంతే.

తర్వాత అయస్కాంతం పెట్టండి. వెండి, రాగి, కంచు దేన్నీ అది పట్టకూడదు. పులి బొమ్మ ఉన్న 1946, 1947 నాటి అర్ధ రూపాయి, పావలా, 1947 రూపాయి మాత్రం అతుక్కోవాలి, ఎందుకంటే అవి స్వచ్ఛమైన నికెల్. ‘బ్రిటిష్ కాలపు వెండి రూపాయి’ అంటూ పులి రూపాయిని అంటగట్టే వాళ్లున్నారు, ఆ మాట నిలవదు.

నీళ్లలో పరీక్ష

బరువు, కొలత రెండూ సరిపోయినా అనుమానం మిగిలితే ఈ పని చేయండి. నాణేనికి ఏ హానీ లేదు, పది నిమిషాల్లో అయిపోతుంది.

చిన్న గాజు గ్లాసులో సగానికి పైగా నీళ్లు పోసి త్రాసు మీద పెట్టండి. గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క కలిపితే నాణేనికి గాలి బుడగలు అంటుకోవు. ఇప్పుడు త్రాసును సున్నాకు తెచ్చుకోండి. సన్నటి నైలాన్ దారంతో నాణేన్ని ఉచ్చు వేసి, పూర్తిగా మునిగేలా నీళ్లలోకి దించండి. గ్లాసు అడుగునూ పక్కలనూ తాకకూడదు. చెయ్యి వణికితే అంకె నిలవదు కాబట్టి మోచేతిని బల్లకు ఆనించండి, లేదా దారాన్ని ఒక కర్రకు కట్టి వేలాడదీయండి. త్రాసు చూపే అంకె ఆ నాణెం తోసేసిన నీటి బరువు. బయట తూచిన బరువును ఈ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది.

1835 నుంచి 1939 దాకా రూపాయిలో 12 భాగాలకు 11 భాగాలు వెండి. నీళ్లలో అది దాదాపు 1.13 చూపాలి, అంటే సాంద్రత 10.3. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940 నుంచి 1945 వరకు, వెండిని సగానికి తగ్గించి రాగి, నికెల్, జింకు కలిపారు. ఆ రూపాయి దాదాపు 1.22 చూపుతుంది. అవే సంవత్సరాల్లో దొంగనాణేలను అరికట్టడానికి అంచు గీతల మధ్యలో చుట్టూ ఒక గాడి కూడా తెచ్చారు. జర్మన్ సిల్వర్‌తో, అంటే పేరులో తప్ప వెండి లేని రాగి, నికెల్, జింకు మిశ్రమంతో చేసిన నకిలీ అయితే 1.34కు పైనే ఉంటుంది. 1.13కూ 1.34కూ మధ్య తేడా ఏ చవక త్రాసుకైనా దొరికిపోతుంది. పావలా, బేడల దగ్గర మాత్రం ఈ పరీక్షను నమ్ముకోకండి. పావలాకు అసలు 0.28, నకిలీ 0.34. త్రాసు తప్పే 0.02 ఉంటే తీర్పు చెప్పలేం.

అయిపోయాక నాణేన్ని మెత్తటి నూలు గుడ్డ మధ్య పెట్టి అద్దండి. రుద్దకండి.

భూతద్దంలో ఏం చూడాలి

లైటును పక్కనుంచి, ఏటవాలుగా పడేలా పెట్టి నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. అచ్చు వేసిన అసలు నాణెంలో అక్షరాల గోడలు నిటారుగా, నేల, అంటే వాటి చుట్టూ ఉన్న ఖాళీ భాగం, చదునుగా ఉంటాయి. పోత పోసిన నకిలీలో అక్షరాల మొదళ్లు కరిగిన మైనంలా గుండ్రంగా దిగుతాయి, నేలలో సూది మొనంత గుంటలు కనిపిస్తాయి. అంచును తప్పకుండా చూడండి. పోత పోసిన రెండు మూసలు కలిసిన చోట సన్నటి గీత గానీ, దాన్ని ఆకురాయితో రాసిన గుర్తు గానీ ఉంటే అది పోత నాణెం. పైభాగంలో అంచు మీద నున్నటి మచ్చ, పక్కన కొద్దిగా వేరే రంగు కనిపిస్తే, ఒకప్పుడు కాసుల పేరులో గుచ్చడానికి కొక్కెం అతికించి తీసేశారని అర్థం. అది అసలు నాణెమే అయినా ధర పలకదు.

1939 రూపాయి చాలా అరుదు, అందుకే 1938లో చివరి 8ని చెక్కి 9 చేస్తారు. ఆ ఒక్క అంకె చుట్టూ నేల గీసినట్టుంటే, మిగతా మూడంకెల కన్నా అది పల్చగా ఉంటే ఒప్పుకోకండి. 1911 రూపాయి సంగతి వేరు. రాజు మెడలోని హారంలో ఏనుగు తొండం పొట్టిగా ఉండి పందిలా కనబడుతోందని అలజడి రేగి, నాణెం ఆపేసి మరుసటి ఏడాది ఏనుగును సరిచేశారు. 1911ది, 1912ది పక్కపక్కన పెట్టి ఆ తొండం చూడటం మంచి అభ్యాసం.

గుడి ముందు అమ్మే రాముడి అణా

దీని గురించి గట్టిగా చెప్పాలి. పుణ్యక్షేత్రాల దగ్గర దుకాణాల్లో మందపాటి రాగి బిళ్లలు అమ్ముతారు. ఒకవైపు రామదర్బారో హనుమంతుడో, మరోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ, ‘యు కె ఎల్ వన్ అణా’, 1616, 1717 లేదా 1818 అని ఉంటాయి. ఇవి కంపెనీ నాణేలు కావు. కంపెనీ అణా బిళ్లను ఎన్నడూ వేయలేదు, అది చలామణీలోకి వచ్చిందే 1907లో. ‘యు కె ఎల్’ అన్న అక్షరాలు ఏ అసలు నాణెం మీదా లేవు. భక్తితో పది రూపాయలకు కొని పూజలో పెట్టుకుంటే తప్పేమీ లేదు. పాత నాణెమని వేలు పోస్తేనే నష్టం.

ఈ బిళ్లలతోనే రైస్ పుల్లింగ్ మోసం జరుగుతుంది. పిడుగుపడ్డ నాణెమని, బియ్యాన్ని లాగుతుందని, కోట్లు పలుకుతుందని చెప్పి ‘టెస్టింగ్’ ఖర్చులకు లక్షలు గుంజుతారు. బియ్యానికి ఇనుప రజను పట్టించి, బిళ్ల వెనక అయస్కాంతం దాస్తే గింజలు కదులుతాయి, అంతకుమించి అందులో ఏమీ లేదు. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని రుసుములు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు కూడా 2021లో హెచ్చరించింది.

ఎక్కడ, ఎలా కొనాలి

తిరుపతి గాంధీ రోడ్డు లాంటి చోట్ల నగల దుకాణాల్లో పాత వెండి కరిగించడానికి పోగవుతుంది. కరిగించేలోపు అడిగితే చూపించేవాళ్లుంటారు. లెక్క సులువు: 1939 వరకు రూపాయిలో శుద్ధ వెండి 10.69 గ్రాములు, 1940ల రూపాయిలో 5.83. ఆ రోజు వెండి ధరతో గుణిస్తే నాణెంలోని వెండికే వచ్చే కనీస ధర తెలుస్తుంది. 1862, అలాగే 1903 నుంచి 1907, 1912 నుంచి 1919 రూపాయల్లో మామూలు రకాలకు దాని మీద కొంచెమే ఇవ్వాలి.

“అన్నా, ఒక్కసారి నా త్రాసు మీద పెట్టి చూస్తా” అని అడగండి. కుదరదంటే అక్కడ కొనకండి. ఆచారి గీటురాయి మీద రుద్దబోతే ఆపండి, ఆ గీత నాణెం అంచున శాశ్వతంగా ఉండిపోతుంది. లోహం శుద్ధి చూపే క్యారట్ మీటరు ఉన్న దుకాణమైతే అందులో పెట్టించండి. అది పై పొరనే చదువుతుంది కాబట్టి వెండి పూత పూసిన దొంగనాణెం దాన్ని దాటుకుపోవచ్చు, నీళ్ల పరీక్షను దాటలేదు.

పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో దొరికినవి మాత్రం కొనవద్దు. నేలలో దాగి దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలని 1878 చట్టం చెబుతోంది. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపాలనిపించినా ఆగండి. వంద ఏళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, సొంతంగా దేశం దాటించకూడదు.

కడగవద్దు

చింతపండు, పీతాంబరి, పళ్లపొడి, విభూది ఏవీ వద్దు. నల్లబడిన పొర వెండికి తొడుగులాంటిది. రుద్దితే దాంతోపాటు కింది లోహమూ లేచిపోయి వెంట్రుకల్లాంటి గీతలు మిగులుతాయి. తెలిసినవాళ్లు చూడగానే పక్కన పెట్టేస్తారు.

పూజలో ఉండి నూనె, కుంకుమ, చందనం పట్టిన నాణేన్ని మాత్రం శుభ్రం చేయవచ్చు. గాజు గిన్నెలో అసిటోన్ పోసి పావుగంట నానబెట్టండి. ప్లాస్టిక్ గిన్నె కరుగుతుంది. దీపం, పొయ్యి దగ్గర ఈ పని అసలు చేయకండి, అసిటోన్ ఆవిరి భగ్గున అంటుకుంటుంది. తర్వాత ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి అద్దండి. బోరు నీళ్లు వద్దు, అందులోని ఉప్పు మచ్చ కడుతుంది. రాగి మీద పొడిపొడిగా రాలే లేత పచ్చ చిలుము కనబడితే ఆ నాణేన్ని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేసి, డిస్టిల్డ్ వాటర్‌లో రోజూ నీళ్లు మారుస్తూ కొన్ని వారాలు నాననివ్వండి.

దాచడం

చవక ఆల్బమ్‌ల పీవీసీ జేబులు కాలక్రమంలో ఆమ్లం వదిలి, నాణెం మీద జిగట పచ్చ పొర కడతాయి. మైలార్ అనే సన్నటి పారదర్శక ప్లాస్టిక్ పొర కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు వాడండి. స్టేపుల్ పిన్నులను పట్టకారుతో చదును చేయండి, లేకపోతే పక్క హోల్డరులోని నాణేన్ని గీకుతాయి. రబ్బరు బ్యాండ్లు, న్యూస్‌పేపరు వెండిని నల్లబరుస్తాయి. కలరా ఉండలు వేసిన ట్రంకు పెట్టె కూడా పనికిరాదు. ఇనుప బీరువాలో, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు ఎక్కువ, ఆ మూడు నెలలూ పొట్లాలు మారుస్తుండాలి.

ఇంగ్లండు నాణేలు ఎదురైతే

1971 ఫిబ్రవరి 15 వరకు పౌనుకు 20 షిల్లింగులు, 240 పెన్నీలు. 1860 తర్వాతి కంచు పెన్నీ 9.45 గ్రాములు, షిల్లింగు 5.66, అర్ధ క్రౌను 14.14. 1919 వరకు వెండి 92.5 శాతం, 1920 నుంచి 1946 వరకు 50 శాతం, 1947 నుంచి అసలు లేదు. మన ఇళ్లలో వీటికన్నా సవరసు, అంటే సావరిన్ బంగారు నాణెం, ఎక్కువగా కనిపిస్తుంది. బరువు 7.98 గ్రాములు, అడ్డుకొలత 22 మిల్లీమీటర్లు, 22 క్యారట్లు. నీళ్లలో 0.45 చూపాలి. 1918లో బొంబాయిలో కూడా వేశారు, వాటి మీద ‘ఐ’ అక్షరం ఉంటుంది.

ప్రతి నాణేనికీ నోటుబుక్కులో ఒక వరుస రాయండి: సంవత్సరం, రాజు, టంకశాల గుర్తు, బరువు, అడ్డుకొలత, నీళ్లలో అంకె, ఎవరి దగ్గర, ఎంతకు, ఏ రోజు. ఉదాహరణకు: “1862 రూపాయి, విక్టోరియా, 11.52 గ్రా., 30.6 మి.మీ., నీళ్లలో 1.12, చెవి పైన జుట్టు అరిగింది, అంచు బాగుంది, అవ్వ పెట్టెలోది.” రెండు వైపులా ఫోటో తీసి అదే సంఖ్యతో ఫోనులో పెట్టుకోండి. హోల్డరు మీద రాయవలసింది నాణెం లోపల పెట్టకముందే రాయాలి, పైనుంచి పెన్ను నొక్కితే మైలార్ కింద నాణేనికి గీత పడుతుంది.